ఊడని మేకులు

నెవిల్ పర్విస్ తాడు కట్టడానికి మంచులో దిగగొట్టిన మేకు ముప్పై ఏళ్లలో ఒక్కటి కూడా ఊడి రాలేదని మా జెరాల్డిన్ ఊరి కొండల క్లబ్బులో గొప్పగా చెప్పుకునేవారు. ఆ మాట పుట్టించింది నెవిలే. మొదటి పదేళ్లు తనే చెప్పాడు, తరవాత పదేళ్లు వాళ్లావిడ బెరిల్ చెప్పింది, ఆ తరవాత ఇంకెవరూ చెప్పక్కర్లేకుండానే అందరికీ నోటికొచ్చేసింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మా క్లబ్బులో వినేవాళ్లు మరీ లోకువ.

నా పేరు గ్లెనిస్ మాథెసన్. మందుల షాపులో పని చేస్తాను. ఆ ముప్పై ఏళ్లలో చివరి పదకొండేళ్లు ప్రతి వసంతంలోనూ నెవిల్ నడిపే మంచు శిక్షణలో నేను అతనికి రెండో మనిషిని. అంటే అతను ఉపన్యాసం ఇస్తాడు, నేను తాళ్లు మోస్తాను. ఆ మేకులు ఎందుకు ఊడలేదో అతనికి తెలియదు. నాకు తెలుసు.

నెవిల్ వృత్తి పైపుల పని. ఊళ్లో సగం ఇళ్లకి నీళ్ల గొట్టాలు వేసింది అతనే. పొట్టిగా, బలంగా, గుమ్మంలో నిలబడితే ఇంకెవరూ దూరలేనట్టు ఉండేవాడు. షెడ్డులో అల్యూమినియం పట్టీలను రెండేసి అడుగుల ముక్కలుగా కోసి, ఒక కొసను చెక్కి, రెండో కొసకి బెజ్జం వేసి, పైనించి కిందిదాకా ముదురు ఎర్ర రంగు పూసేవాడు. అది మా క్లబ్బు రంగు. కొండ మీద వేరే వాళ్లెవరైనా ఉంటే ఈ మేకులు ఎవరివని అడగాల్సిన అవసరం రాకూడదట. మేకుకి పరువు కూడా ఉండాలన్నమాట.

పొద్దున్న ఏడు గంటలకి, రాత్రి గడ్డకట్టిన మంచు ఇంకా రాయిలా ఉన్నప్పుడు, వాలు పైన నిలబడి సుత్తితో ఎనిమిది దెబ్బలు వేసేవాడు. ఎనిమిదో దెబ్బకి మేకు ఖంగుమనేది. తల మాత్రం జానెడు బయటికి వదిలేవాడు, అందరికీ కనబడాలిగా. దాని పక్కనే ఇంకోటి. రెండింటినీ నైలాను పట్టీతో కలిపి, కొక్కెం తగిలించి, తన తొంభై అయిదు కిలోల బరువూ వేసి మూడుసార్లు గెంతేవాడు.

"చూశారా? ట్రాక్టరు కట్టి లాగండి. కదిలితే నా పేరు మార్చుకుంటా" అనేవాడు.

కొత్తగా నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు నోళ్లు తెరుచుకుని చూసేవారు. నాకు ఒళ్లు మండేది.

మంచు కర్ర కాదు, గోడ కాదు. ఏడింటికి ఒక మంచు, ఒంటిగంటకి ఇంకో మంచు. ముదురు రంగు వేసిన లోహం ఎండలో కూర్చుంటే వేడెక్కుతుంది. దాన్ని అంటుకుని ఉన్న మంచు కరుగుతుంది, బెజ్జం వెడల్పవుతుంది. రాత్రి మంచులో నల్ల బకెట్టు మరిచిపోయిన ఏ గొర్రెల రైతుని అడిగినా చెబుతాడు, మధ్యాహ్నానికి అది ఎంత లోతుకి దిగిపోతుందో. ముప్పై ఏళ్లు కొండల్లో తిరిగిన నెవిల్‌కి మాత్రం తెలియదు. ఒకప్పుడు ఈ శిక్షణ ఆగస్టులో, అంటే మా దేశపు చలికాలంలో, జరిగేది, చలికి మంచు పగలంతా గట్టిగానే ఉండేది, అప్పుడు అతని మేకులు నిజంగానే నిలిచాయి. తరవాత అందరికీ సెలవులు కుదురుతాయని ఎండ ముదిరే అక్టోబరు చివరికి మార్చారు. తేదీ మారింది, ఎండ మారింది, నెవిల్ మారలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

నాకు మంచులో లంగరు వేయడం నేర్పింది మా పెదనాన్న హామిష్. హిమానీనదం మీద దిగే చిన్న విమానాలు గాలికి కొట్టుకుపోకుండా చెక్కలు పూడ్చి కట్టేసేవాడు ఆయన. మేకుని నిలువుగా కొట్టడం కాదు, అడ్డంగా పాతిపెట్టాలి. వాలుకి అడ్డంగా మోకాలి లోతు గుంట తవ్వి, మేకు నడుముకి పట్టీ చుట్టి, గుంటలో పడుకోబెట్టాలి. పట్టీ కిందికి పోవడానికి సన్నటి గాడి కోయాలి. గుంటకి ముందున్న మంచు మీద పొరపాటున కూడా కాలు పెట్టకూడదు, మనిషి బరువుని ఆపేది ఆ మంచే. తరవాత గుంట పూడ్చి, తొక్కి, ఆ మంచు గట్టిపడేదాకా పావుగంట ఊరికే కూర్చోవాలి. ఎండ తగలదు కాబట్టి సాయంత్రందాకా ఉంటుంది. మొత్తం ఇరవై అయిదు నిమిషాల పని. నెవిల్‌ది రెండు నిమిషాలు.

మొదటి ఏడాది నేను తవ్వుతుంటే అతను కింది నించి కేకేశాడు. పొద్దున్నే మేకులు కొట్టేసి, తాడు మీద అందరికంటే ముందు తనే దిగి, కింద నిలబడి ఒక్కొక్కర్నీ దింపించుకోవడం అతని పద్ధతి. పైన వాళ్లని పంపేది నేను.

"ఏంటి గ్లెన్, సమాధి తవ్వుతున్నావా? ఎవరికి?"

"నీకే. కొలతలు చెప్పు" అన్నాను.

"నాకు అంత చిన్నది చాలదమ్మాయ్!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నా పూడ్చిన లంగరుని అతని మేకులకి వెనక నించి బిగువుగా కట్టాను. మధ్యాహ్నం రెండున్నరకి చివరి మనిషి దిగాక, సామాన్లు సర్దుకుని నేను పక్క గట్టు మీదుగా నడిచి దిగాలి. అప్పుడు మేకులు తీయబోయాను. సుత్తి అక్కర్లేదు. రెండు వేళ్లతో పట్టుకుని పైకెత్తితే వచ్చేశాయి, తడి మట్టిలోంచి ముల్లంగి వచ్చినట్టు.

ఆ సాయంత్రం, మేమంతా రాత్రికి బస చేసే కొండ హట్‌లో చెబుదామనే అనుకున్నాను. ఏడు గంటల రేడియోలో రేపటి వాతావరణం విన్నాం, బెరిల్ చీజ్ రోల్స్ వెచ్చబెట్టి పెట్టింది, నెవిల్ నోట్లో ఒకటి కుక్కుకుని ఊడని మేకుల కథ మొదలుపెట్టాడు. నేను గొంతు సవరించుకున్నాను. అప్పుడే అతను నా వైపు చెయ్యి చూపించి, "గ్లెన్ కూడా మంచి పనిమంతురాలే, కాకపోతే పొరపాటున మంచులోకి వచ్చింది, శ్మశానంలో ఉండాల్సింది" అన్నాడు. హట్ అంతా ఘొల్లుమంది. సరే, నీ ఖర్మ, చెప్పను, అనుకున్నాను.

రెండో ఏడాది కూడా చెప్పలేదు. మూడో ఏడాదికి చెప్పకపోవడంలో రుచి పుట్టింది. అతను గుండెలు విరుచుకుని గెంతుతుంటే నేను పక్కన నిలబడి, నువ్వు ఒట్టి సన్నాసివి నాయనా, నీ కింద నేనున్నాను, అనుకునేదాన్ని. సాయంత్రం రెండు వేళ్లతో మేకులు పీకి సంచిలో వేసుకుంటుంటే ఏడాదికి సరిపడా సంతోషం దొరికేది. షాపులో ఎవరైనా నన్ను విసిగిస్తే ఆ రెండు వేళ్లు గుర్తు చేసుకునేదాన్ని. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా జీవితంలో అంత తీపిగా ఇంకేదీ లేదు.

ఏడో ఏడాది టెముకా నించి ఒక కసాయి వచ్చాడు, నూట పది కిలోలు. అతను దిగుతుంటే నెవిల్ మేకులు రెండూ నెమ్మదిగా ముందుకి ఒరిగాయి. తల వంచి, దణ్ణం పెడుతున్నట్టు. బరువంతా నా పట్టీ మీదికి వచ్చింది. పట్టీ బిగుసుకుంది, నా గుంట చలించలేదు. కసాయి ఈలపాట పాడుకుంటూ దిగిపోయాడు. కింద నెవిల్ అతని వీపు తట్టి, "చూశావా? నీలాంటి ఎద్దునే మోశాయి!" అన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం. ఆ ఏడాది నేను ఇంటికి వచ్చాక కూడా నవ్వాను.

ఇక్కడ నెవిల్ గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఒకసారి డునెడిన్ నించి ఒక నర్సు శిక్షణకి వచ్చింది. అతను వేసే ముడి తడిస్తే జారుతుందని అందరి ముందూ అంది. ఇంకెవరైనా అయితే ముఖం మాడ్చుకునేవాళ్లు. నెవిల్ ఆమె పక్కన మంచులో చతికిలబడి, పన్నెండుసార్లు ఆ కొత్త ముడి వేయించుకుని నేర్చుకున్నాడు. "ఇరవై నాలుగేళ్లు తప్పు చెప్పానర్రా, క్షమించండి" అని అందరికీ చెప్పాడు. క్లబ్బు పత్రికలో కూడా రాశాడు, పాత శిష్యులంతా ముడి మార్చుకోవాలని. నాకు అది కూడా అసహ్యంగానే అనిపించింది. ఇంత వయసొచ్చి, ఎవరో చెబితే అంత తేలిగ్గా తప్పు ఒప్పేసుకోవడం ఏమిటి, వెన్నెముక లేదా, అనుకున్నాను. మనిషిని చిన్నచూపు చూడాలని ఒకసారి నిర్ణయించుకుంటే అతను ఏం చేసినా పనికొస్తుంది.

పన్నెండో ఏడాది దక్షిణాన ఉన్న ఇంకో క్లబ్బు నించి నెవిల్‌కి ఉత్తరం వచ్చింది. మీ పేరు విన్నాం, మా వాళ్లకి నేర్పండి, అని. ఆ ఉత్తరాన్ని అతను నా షాపుకి పట్టుకొచ్చి కౌంటరు మీద పరిచాడు.

"గ్లెన్, నువ్వూ రా. నువ్వు లేకపోతే తాళ్లు ఎవరు మోస్తారు?"

"నాకు సెలవు లేదు" అన్నాను. ఉంది.

"మరి నీ సమాధులు?"

"నీ మేకులుండగా ఎందుకులే."

"అదీ నిజమేననుకో" అన్నాడు. వెటకారం తలకెక్కే మనిషి కాదు. దగ్గు మందు ఒక సీసా కొనుక్కుని వెళ్లిపోయాడు.

ఆ తరవాత నేను ఏమనుకున్నానో చెప్పకపోతే ఈ రాతంతా దండగ. వెళ్లనీ, అనుకున్నాను. మధ్యాహ్నానికి మేకు వదులై అందరి ముందూ ఊగుతుంది, ఎవడో పట్టుకుని చూస్తాడు, ఊడొస్తుంది, పరువు పోతుంది. అంతవరకే ఊహించాను. తాడు మీద మనిషి ఉండగా ఊడుతుందని అనుకోలేదు. అనుకోలేదు అనడం కూడా అబద్ధమే. అటువైపు ఆలోచన పోనివ్వలేదు.

శనివారం మధ్యాహ్నం ఒకటిన్నరకి ఊడాయి. మొదట ఒకటి, దాని వెనకే రెండోది. తాడు మీద ఉన్నది మెరానియా టావ్, రివర్టన్‌లో స్కూలు బస్సు నడిపే మనిషి. ముప్పై మీటర్లు జారి మంచు పగులు అంచుకి కొట్టుకుంది. తుంటి ఎముక మూడు ముక్కలైంది. బతికింది. మళ్లీ బస్సు ఎక్కి కూర్చోగలదో లేదో డాక్టర్లు చెప్పలేదు. సంగతి తెలిసిన రోజు నేను షాపు వెనక గదిలో మందుల పెట్టెల మధ్య నేల మీద కూర్చున్నాను. ఎంతసేపో గుర్తులేదు.

తరవాతి వారాల్లో ఒక మాట మెల్లగా బయల్దేరింది. నెవిల్ మేకులు ముప్పై ఏళ్లు ఊడలేదు. పొద్దున్న అతనంతటివాడు గెంతినా కదల్లేదు. ఆవిడ భారీ మనిషి, భయపడి తాడు మీద గెంతి ఉంటుంది. ఎవరూ గట్టిగా అనలేదు. "పాపం" అనే మాటతో మొదలుపెట్టి అనేవారు. నాకు ఫోను చేసి కూడా అన్నారు, నేను "ఊఁ" అన్నాను.

ఆరు వారాలకి ఆ క్లబ్బు వాళ్లు తమ హాల్లో ఒక సమావేశం పెట్టారు. కోర్టూ కాదు, పోలీసులూ కాదు, ఏం జరిగిందో క్లబ్బు పుస్తకంలో రాసుకోవడానికి. నెవిల్ నన్ను తనతో రమ్మన్నాడు. మా వాళ్ల అలవాటు ప్రకారం ఒక మనిషి తుంటి ఎందుకు విరిగిందో తేల్చే సమావేశానికి కూడా తలా ఒక ప్లేటులో తినుబండారం తెచ్చారు. బెరిల్ గుడ్డు శాండ్‌విచ్‌లు చేసి పంపింది. అధ్యక్షుడు అలిస్టర్ గన్ ఒక చేతిలో టీ కప్పు, ఇంకో చేతిలో కాగితం పట్టుకుని, ఏ చేతిలోది ముందు కింద పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు. మెరానియా తలుపు దగ్గర కూర్చుంది, చంకకర్రలు కుర్చీల మధ్య పట్టవని.

నెవిల్ లేచాడు. ఆరు వారాల్లో చొక్కా వదులైపోయింది.

"నేను ఎవర్నీ ఏమీ అననండి. మేకులు కొట్టింది నేను. కానీ నాకు అర్థం కావడం లేదు. ముప్పై ఏళ్లు అవే మేకులు, అదే పద్ధతి. ఒక్కటీ ఊడలేదు. ఏం తేడా వచ్చిందో రాత్రీ పగలూ ఆలోచిస్తున్నా. ఆ రోజు ఏదో జరిగుండాలి."

"అంటే తాడు మీద ఏదో జరిగిందనా?" అన్నాడు అలిస్టర్, మెరానియా వైపు చూడకుండా.

"నాకు తెలీదండి. వేరే ఏం కావొచ్చో తోచడం లేదు."

వెనక వరసలో ఎవరో, "పాపం, మొదటిసారి కదా, భయమేసి ఉంటుంది" అన్నారు.

మెరానియా కూర్చున్న చోటి నించే అంది, "నేను గెంతానా? ఎవరైనా నిజం చెప్పండి. దిగడం మొదలుపెట్టింది గుర్తుంది. ఆ తరవాత ఏమీ గుర్తులేదు. నా వెనకాల ఇంకో నలుగురు ఆ తాడు మీద దిగాల్సినవాళ్లున్నారు. నేనే గెంతి అదంతా ఊడగొట్టానని చెప్పండి, లేదా కాదని చెప్పండి. ఆరు వారాలుగా మంచం మీద పడుకుని ఇదే."

అందరూ కప్పులు ఎత్తుకున్నారు. టీ కప్పులోకి చూడటం మా వాళ్లకి బాగా వచ్చు.

నెవిలే మళ్లీ అన్నాడు, "గ్లెనిస్‌ని అడగండి. పదకొండేళ్లు నా పక్కన ఉంది. ప్రతి సాయంత్రం ఆ మేకులు తీసింది తనే. వాటిలో లోపం ఉంటే గ్లెన్ ఊరుకునే రకం కాదు. నా ముఖం మీదే చెప్పేసేది."

అతను అది నన్ను ఇరికించడానికి అనలేదు. నమ్మి అన్నాడు. హాలంతా నా వైపు తిరిగింది. నేను లేచాను.

"నువ్వు గెంతలేదమ్మా" అన్నాను మెరానియాతో. "ఊరికే బరువు వేసి ఉంటావు, అంతే. మధ్యాహ్నానికి ఆ మేకులు ఎవరికైనా ఊడతాయి. ఎండకి చుట్టూ మంచు కరిగిపోతుంది. మా దగ్గర ప్రతి ఏడాదీ నేను వాటిని రెండు వేళ్లతో పైకి లాగాను. జనాన్ని మోసింది అవి కాదు. వెనకాల నేను పూడ్చి పెట్టేదాన్ని, అది మోసింది."

అలిస్టర్ కప్పు కింద పెట్టాడు. నెవిల్ కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే నాకు ఎంతో హాయిగా ఉండేది.

"ప్రతి ఏడాదీనా?" అన్నాడు.

"పదకొండేళ్లూ. ఏడో ఏడు ఆ కసాయి దిగినప్పుడు రెండూ ఒరిగిపోయాయి. నువ్వు కింద ఉన్నావు."

"మరి నాకు చెప్పలేదేం గ్లెన్?"

నువ్వు వినే మనిషివా, అనే జవాబు పదకొండేళ్లుగా నా దగ్గర సిద్ధంగా ఉంది. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. హాల్లో ఉన్నవాళ్లంతా దాన్ని నమ్మేవారు. నెవిల్ కూడా నమ్మి, తల వంచుకునేవాడు.

"చెబితే వినేవాడివి" అన్నాను. "నేర్చుకునేవాడివి. అందుకే చెప్పలేదు."

అతనికి అర్థమవడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక కూర్చున్నాడు. ఇంకేమీ అడగలేదు, ఆ రోజు కాదు, తరవాత కూడా కాదు.

మెరానియా చంకకర్రలు సర్దుకుంది. పక్కనున్న ఆమె సాయం చేయబోతే వద్దంది. లేచి, నిలదొక్కుకుని, నన్ను కిందినించి పైకి ఒకసారి చూసింది. నెవిల్‌ని నేను పదకొండేళ్లు ఎలా చూశానో అలాగే చూసింది.

"ఈ ముక్క చెప్పడానికి ఆసుపత్రికి రాలేకపోయావా?" అంది.

అలిస్టర్ వెళ్లి ఆమె కోసం తలుపు తీసి పట్టుకున్నాడు.